తాళంచెవి సంగతి: పర్యాటక శాఖ మంత్రి గారికి ఒక పంతులమ్మ బహిరంగ లేఖ

తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,



నా పుట్టిల్లు జడ్చర్ల దగ్గర ఒక పల్లె, అత్తిల్లు నల్లగొండ. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నల్లబల్ల మీద ఆస్ట్రేలియా పటం ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. నడిమధ్యలోంచి మకరరేఖ లాగి, దానికి కాస్త కింద, కుడివైపు అంచున ఒక చుక్క పెట్టి బ్రిస్బేన్ అని రాసేదాన్ని. 2025 ఆగస్టులో ఆ చుక్క మీద దిగాను. మా బిడ్డ అక్కడ ఉద్యోగం చేస్తోంది.

నాకిచ్చిన వీసా ‘టూరిస్ట్’ వీసా. ఆ మాట చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా పాలమూరులో ఊరు విడిచి పోవడమంటే వలస. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, బొంబాయి బస్సు ఎక్కడం. దేశంలో ఎక్కడ కాలువ తవ్వినా అక్కడొక పాలమూరు గంప ఉంటుందని మా నాయన అనేవాడు. ఊరికే చూసి రావడానికని పోయేది జాతరకే. కార్తీకంలో కురుమూర్తి ఉద్దాలు, ఆ తర్వాత మన్యంకొండ, పెళ్లయ్యాక చెరువుగట్టు. అంతకుమించి ‘పర్యటన’ అనే మాట మా ఇళ్లలో మంత్రులకే వాడేవాళ్లం.

అరవై మూడేళ్లకు నేనూ పర్యాటకురాలినయ్యాను కాబట్టి మీకో రిపోర్టు రాయాలనిపించింది. మంత్రులు, అధికారులు విదేశాలకు అధ్యయనానికి పోయి రావడం మామూలే. వాళ్లు కార్లలో తిరుగుతారు. నేను సిటీ బస్సుల్లో, పడవల్లో, మోకాళ్ల నొప్పులతో, షుగరు గోళీలు సంచిలో వేసుకుని తిరిగాను. అందుకని నా రిపోర్టు కొంచెం వేరుగా ఉంటుంది.

బ్రిస్బేన్ విమానాశ్రయంలో, నా సంచిలో మామిడికాయ తొక్కు, సకినాలు ఉన్నాయని కార్డు మీద నిజమే రాశాను, చూసి వదిలేశారు. ఇంటికి పోగానే బిడ్డ నల్లా తిప్పి గ్లాసు నింపి ఇచ్చింది.

“ఫిల్టర్ లేదా బిడ్డా?”

“అవసరం లేదమ్మా. ఇక్కడ అందరూ నల్లా నీళ్లే తాగుతరు. పండ్లకు మంచిదని అందుల ఫ్లోరైడ్ గూడ కలుపుతరు.”

గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

మంత్రి గారూ, నల్లగొండ జిల్లాలో పాఠం చెప్పినదాన్ని నేను. మర్రిగూడ దిక్కు ఒక బడిలో నాలుగేళ్లు పనిచేశాను. ఎనిమిదో తరగతి పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు, గోధుమరంగు చారల పళ్లు కనబడకుండా. వాళ్ల తాతలు నడుము వంగి నేలనే చూస్తూ నడిచేవాళ్లు. అలాంటిది, ఫ్లోరైడ్‌ను డబ్బిచ్చి కొని నీళ్లలో కలిపే ఊరు ఒకటుందంటే నమ్మడం ఎట్లా? బిడ్డ ఫోనులో చూపించింది. 2008 డిసెంబరు నుంచి కలుపుతున్నారట, లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపే. మన లెక్క ప్రకారం కూడా ఒక మిల్లీగ్రాము దాకా పరవాలేదు, ఒకటిన్నర దాటితే తాగొద్దు. అంటే తేడా అంతా కొలతలోనే ఉంది. అక్కడ మనుషులు కొలిచి కలుపుతున్నారు, మన దగ్గర నేలే కొలత లేకుండా కలిపింది. అరగంట తర్వాత ఆ నీళ్లు తాగాను. తర్వాత మూడు నెలలు ఎక్కడ దాహమేస్తే అక్కడ తాగాను. పార్కుల్లో, నది ఒడ్డున, బస్సు దిగిన చోట మీట నొక్కితే పైకి చిమ్మే చిన్న నల్లాలు పెట్టారు. బబ్లర్ అంటారు. కొన్నింటికి అడుగున కుక్కలకు కూడా ఒక తొట్టి ఉంటుంది. అక్కడ ఒక్క రోజు కూడా నేను నీళ్ల సీసా కొనలేదు.

ఇక ఆ ఊరి సంగతి. బ్రిస్బేన్ అంటే నదే. పాములా మెలికలు తిరుగుతూ ఊరి నడుమ నుంచి పోతుంది. నీళ్లు తేటగా ఉంటాయనుకునేరు, అదేం లేదు. వానాకాలం డిండి వాగు రంగే. ఆ నది మీద 1996 నుంచి సిటీక్యాట్ అనే, అడుగుభాగం రెండుగా చీలిన పడవలు తిరుగుతున్నాయి. అవి టూరిస్టుల కోసం పెట్టినవి కావు. ఆఫీసుకు పోయేవాళ్లు, సంచులు మోసే ఆడవాళ్లు, సైకిలుతో సహా ఎక్కే కాలేజీ పిల్లలు, అందరూ వాటిలోనే పోతారు. పడవ ఎక్కడానికి మెట్లు లేవు, వాలుగా దిగే దారి ఉంది. వీల్‌చైర్‌లో ఒక పెద్దాయన ఒక్కడే వచ్చి, ఎవరి సాయమూ లేకుండా పడవ ఎక్కి, నదిని చూస్తూ కూర్చుని, మూడు రేవుల అవతల దిగిపోయాడు. నేను పడవ దిగడం మరిచి ఆయన్నే చూస్తుండిపోయాను. ఆ పూట మా బిడ్డ చెప్పిన రేవు దాటిపోయింది.

టికెట్టు యాభై సెంట్లు. మన డబ్బుల్లో ముప్పై రూపాయలకు కాస్త అటూ ఇటూ. 2024 ఆగస్టులో ముందు ప్రయోగంగా పెట్టారు, తర్వాత ఖాయం చేశారు. బస్సయినా, రైలయినా, పడవయినా అంతే. ఎంత దూరం పోయినా అంతే. ఇది విని మీరు “మన ఆడవాళ్లకు అసలు టికెట్టే లేదు కదా” అంటారు. నిజమే. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు జీరో టికెట్. ఆ మాటకొస్తే ఈ ఒక్క విషయంలో బ్రిస్బేన్ కంటే మనమే ముందున్నాం, నేను మా బిడ్డకు గొప్పగానే చెప్పాను. కానీ జీరో టికెట్ తీసుకుని దిగిన తర్వాత ఏమిటి? ఆ సంగతికి వస్తాను.

నది దక్షిణపు ఒడ్డున సౌత్ బ్యాంక్ అని పెద్ద పార్కు ఉంది. 1988లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది, ఆరు నెలలు. అది అయిపోయాక ఆ నది ఒడ్డు స్థలాన్ని వ్యాపారాలకు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంది. జనం ఒప్పుకోలేదు. మాకు పార్కు కావాలని పట్టుబట్టారు. 1992లో పార్కు తెరిచారు. మూసీ ఒడ్డు గురించి మన దగ్గర ఇప్పుడు ఇంత చర్చ జరుగుతోంది కాబట్టి ఈ ఒక్క ముక్క మీ చెవిన వేస్తున్నాను. నది ఒడ్డున ఎన్ని అంతస్తులు లేస్తాయన్నది కాదు, ఒడ్డున కూర్చోవడానికి ఎవరికి చోటుంటుందన్నది అక్కడివాళ్లు అడిగిన ప్రశ్న.

ఆ పార్కులో ఇసుక పోసి చేసిన చిన్న సముద్రతీరం ఉంది. ప్రవేశం ఉచితం. గస్తీకి ఈతగాళ్లు ఉంటారు. మా మనవడు అందులో ఆడుతుంటే నేను ఒడ్డున చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి మోకాళ్ల దాకా దిగాను. ఎవరూ వింతగా చూడలేదు. అక్కడికి కాస్త దూరంలోనే నేపాల్ వాళ్లు చెక్క మీద చెక్కిన బుద్ధుడి పగోడా ఉంది. 88 ప్రదర్శనకు వచ్చిన దాన్ని ఊరివాళ్లు పోనివ్వకుండా ఉంచేసుకున్నారు. లోపల గచ్చు మీద కూర్చుంటే నాగార్జునసాగర్ గుర్తొచ్చింది. ఇక్ష్వాకుల విజయపురి, 1954 నుంచి ఆరేళ్లు తవ్వి తీసిన స్తూపాలు, విహారాలు, అవన్నీ మునిగిన నీళ్లు, కొండ మీది మ్యూజియం. పదో తరగతికి ఏటా చెప్పిన పాఠం అది. అక్కడే మనకు 274 ఎకరాల బుద్ధవనం ఉంది. వాళ్లకున్నది ఒక్క చెక్క మందిరం. అయినా ఆ మధ్యాహ్నం ఆ చెక్క మందిరంలో గంటన్నర కూర్చోగలిగాను. ఎందుకంటే నీడ ఉంది, నీళ్లు ఉన్నాయి, నలభై అడుగుల దూరంలో మరుగుదొడ్డి ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాను. ఇది రాయడానికి సిగ్గుపడేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు ఆ వయసు దాటింది.

మన దగ్గర ఆడది ప్రయాణం పెట్టుకుంటే ముందు మానేసేది నీళ్లు. తెల్లారి బస్సుంటే రాత్రి నుంచే గుటక గుటకగా తాగుతాం. నలభై దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, కాన్పుల్లో ఒళ్లు సడలినవాళ్లు ఇంకా భయపడతారు. “నువ్వు పోయి రావే, నేను రాను” అని అక్కలు, వదినెలు అంటే డబ్బుల్లేకో ఇష్టం లేకో అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు, మంత్రి గారూ. అక్కడ దొడ్డి ఉంటుందో లేదో తెలియదు. అదీ కారణం.

ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే దేశంలోని పబ్లిక్ టాయిలెట్లన్నిటికీ ఒక పటం తయారుచేసి పెట్టింది. నమ్ముతారా? జాతీయ మరుగుదొడ్ల పటం! ఫోనులో చూస్తే నీ దగ్గరలో ఎక్కడుంది, ఏ వేళకు తెరుస్తారు, వీల్‌చైర్ పోతుందా, పసిపిల్లకు బట్టలు మార్చే బల్ల ఉందా, అన్నీ కనబడతాయి. మా బిడ్డ అది నా ఫోనులో పెట్టిచ్చింది. అప్పటి నుంచి నేను ఒంటరిగా తిరగడం మొదలుపెట్టాను. కొండ మీది తోటకు పోయాను. 1927 నుంచి నడుస్తున్న కోలాల వనానికి పోయాను. ఎక్కడికి పోయినా ముందు పటం తీసి చూసి, కడుపునిండా నీళ్లు తాగి బయల్దేరాను. అరవై మూడేళ్లలో మొదటిసారి.

వాళ్ల ఊరంతా బంగారమని చెప్పడం లేదు. అయిదు దాటితే చాలా దుకాణాలు మూసేస్తారు, వీధులు బోసిపోతాయి, మన నల్లగొండ గడియారం సెంటరు గుర్తొచ్చి ఏడుపొచ్చేది. కొన్ని పార్కుల్లో ఇల్లు లేనివాళ్లు టెంట్లు వేసుకుని ఉండటం చూశాను. అంత సంపన్నమైన ఊర్లో అద్దె కట్టలేక! ఆ టెంట్ల పక్కనే నడుస్తూ పోయాను. ఎండ కూడా మన ఎండలా ఉండదు, చల్లగాలి వీస్తూనే చర్మం కాలుస్తుంది. అక్కడ చర్మ క్యాన్సరు ఎక్కువ. పిల్లల ఆటస్థలాలకు గుడారపు గుడ్డలు కట్టి నీడ చేస్తారు. నది కూడా మంచిదేం కాదు. 1893, 1974, 2011, 2022... వరద వచ్చిన ఏళ్లను చిన్న పిల్లలు కూడా చెబుతారు. మన హైదరాబాదు వాళ్లకు 1908 ఎట్లాగో అట్లా. అక్కడి పాత చెక్క ఇళ్లు కట్టెల కాళ్ల మీద నిలబడి ఉంటాయి, కింద గాలి ఆడుతుంది, నీళ్లొస్తే కిందినుంచి పోతాయి.

ఒక్క మాట మధ్యలో. గబ్బా క్రికెట్ స్టేడియం ముందు నుంచి బస్సు పోతుంటే మా మనవడు “అమ్మమ్మా, సిరాజ్ అయిదు వికెట్లు తీసింది ఇక్కడే” అని కిటికీలోంచి చూపించాడు. 2021 జనవరి. 1988 తర్వాత ఆ మైదానంలో ఆస్ట్రేలియా టెస్టు ఓడిపోవడం అదే మొదలు. హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు చేసిన పని అది. నేను క్రికెట్ చూడను. అయినా బస్సులో ఉన్నవాళ్లందరికీ చెప్పాలనిపించింది.

అక్టోబరులో వీధులన్నీ ఊదారంగు. జకరండా చెట్లు ఆకు లేకుండా పూస్తాయి. అవి పూసేనాటికి చదవడం మొదలుపెట్టని విద్యార్థి ఫెయిలేనని అక్కడి యూనివర్సిటీలో ఒక నమ్మకం ఉందట. పంతులమ్మను కదా, అది బాగా నచ్చింది. అంతకంటే నచ్చింది ఊడలు దిగిన మర్రి జాతి చెట్లు. ఊరి పక్కనున్న అఖాతం పేరు మోర్టన్ బే. దాని పేరుతోనే ఒక పెద్ద చెట్టు జాతి ఉంది, మన మర్రికి దాయాది. వేళ్లు గోడల్లా లేచి నిలబడతాయి. వేళ్లను తొక్కకుండా చుట్టూ బల్లలు వేశారు. ఆ బల్ల మీద కూర్చుని నేను మా పాలమూరు పిల్లలమర్రిని తలుచుకున్నాను. ఏడు వందల ఏళ్ల చెట్టు. 2017 చివర కొమ్మ విరిగి పడితే జనాన్ని రానివ్వకుండా మూసేశారు, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చెట్టుకు చెదల మందు ఎక్కించారు. ఆ ఫొటో చూసి మా బడి పిల్లలు “టీచర్, చెట్టు దవాఖానల చేరిందా?” అని అడిగారు. చెట్టును బతికించిన అటవీశాఖ వాళ్లకు దండం. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీకి వచ్చిన అమ్మాయిలను మీరు పిల్లలమర్రికి, బుద్ధవనానికి తీసుకొచ్చారు. సంతోషమే. టీవీలో చూశాం, మా వీధి ఆడవాళ్లం అందరం కూర్చుని. అంతమంది అతిథులను అంత పద్ధతిగా తిప్పగలిగిన ప్రభుత్వానికి నేనడిగేది చేతకాని పనేమీ కాదు.

బ్రిస్బేన్ పోవడానికి ముందు చలికాలంలో జరిగింది ఒకటి చెబుతాను. నలుగురం రిటైర్డు టీచర్లం, జీరో టికెట్ తీసుకుని ఒక జలాశయం చూడ్డానికి పోయాం. ఏ ఊరో రాయను. రాస్తే అక్కడి చిన్న ఉద్యోగి ఒకడి పొట్ట కొట్టినట్టవుతుంది, తాళం మాత్రం అట్లాగే ఉంటుంది. బస్సు మెయిన్ రోడ్డు మీద దింపింది. అక్కడి నుంచి కిలోమీటరున్నర నడక, దారిలో చెట్టన్నది లేదు. పోయేసరికి నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, గాలి వీస్తోంది, ప్రాణం లేచొచ్చింది. సిమెంటుతో చేసిన పెద్ద జింక, సెల్ఫీ దిగడానికి రంగురంగుల అక్షరాలు కూడా ఉన్నాయి. వాటి వెనక టైల్స్ వేసిన మంచి గది, ‘మహిళలు’ అని బోర్డు, దానికి ఇత్తడి తాళం. తాళానికి తుప్పు లేదు, అంటే ఎవరో తీస్తూనే ఉన్నారు. మిర్చీల బండి ఆయన్ను అడిగితే, “చెవి వాచ్‌మన్ తాన ఉంటది మేడం. అన్నానికి వోయిండు” అన్నాడు. ఎప్పుడొస్తాడు? “ఒచ్చే టైమయితే ఒస్తడు.”

గంట చూశాం. ఆ తర్వాత తుమ్మచెట్ల చాటుకు పోయాం. ఇద్దరు కొంగులు అడ్డం పట్టారు, ఇద్దరం... మిగతాది మీకు రాయను. మాలో ఒకామె హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయింది. తిరుగు బస్సులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత మాతో మళ్లీ ఎక్కడికీ రాలేదు.

మంత్రి గారూ, సోమశిల దగ్గర కృష్ణమ్మను చూస్తే బ్రిస్బేన్ నది దిగదుడుపు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివుడి మీద పొద్దస్తమానం ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడుతుంది. దేవుడికి అంత శ్రద్ధగా నీడ ఏర్పాటు చేసిన కందూరు చోళుల గడ్డ మనది. ఎండాకాలం పగటిపూట ఆ రాతి పలకల మీద ఉత్త కాళ్లతో నడిచినవాళ్లకు, చూడవచ్చిన మనిషికి కూడా కాస్త నీడ కావాలని తెలుసు. అలంపురం, సాగర్, పిల్లలమర్రి, కోయిల్‌సాగర్... చూసేవాటికి మనకు కొదవ లేదు. గాజు వంతెనలు, తీగ మార్గాలు మీ ఇష్టం, కట్టండి, వద్దనను. వాటికంటే ముందు ప్రతి చోటా చెట్టు కింద నాలుగు బల్లలు వేయించండి. తాగే నీళ్ల నల్లా ఒకటి పెట్టించండి. తిరుగు బస్సు ఎన్నింటికో తెలుగులో రాసిన పలక వేలాడదీయండి. లోపలి దాకా బస్సు రావాలని ఆర్టీసీ వాళ్లకు మీరొక మాట చెప్పండి. మరుగుదొడ్డిని ఆ ఊరి మహిళా సంఘానికి అప్పగించి నెలనెలా జీతం ఇవ్వండి. మహిళా శక్తి క్యాంటీన్లు పెట్టినవాళ్లకు ఇదెంత? సంఘం ఆడమనిషి చేతిలో ఉన్న తాళంచెవి అన్నానికి పోదు, పోయినా పక్కామెకు ఇచ్చి పోతుంది.

జాతీయ పటం దాకా వద్దు, పాలమూరు, నల్లగొండ, మా ఈ రెండు పాత జిల్లాల మేరకు ఒక చిన్న పటం చాలు. ఎక్కడెక్కడ తెరిచి ఉందో చుక్కలు పెట్టండి. పటం గీయడానికి మనిషి కావాలంటే నేనున్నాను. నల్లబల్ల మీద చాలా చుక్కలు పెట్టినదాన్ని, జీతం కూడా వద్దు.

అప్పటిదాకా ఒక పని చేయండి. రేపో ఎల్లుండో మీరు ఏదైనా పర్యాటక స్థలానికి పోయినప్పుడు, స్వాగతం చెప్పే పూలదండలు పక్కన పెట్టి, ‘మహిళలు’ అని రాసిన తలుపు దగ్గరికి నడవండి. తాళం వేసి ఉంటే, చెవి ఎవరి దగ్గరుందో అడగండి. అది వచ్చేదాకా అక్కడే నిలబడండి.

ఇట్లు,
ఒక రిటైర్డు సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని,
నల్లగొండ